ఉప్పు కాగితాల మేడమ్

కావేరికి హిందీలో మాట్లాడటం వచ్చింది గాని, హిందీలో కోప్పడటం ఎప్పటికీ రాలేదు. పెళ్ళి చేసుకుని తెనాలి నుంచి వచ్చి ఎనిమిదేళ్ళయినా, కోపం వచ్చేసరికి ఆమె మాటల్లో ఆడా మగా తారుమారయ్యేవి. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఆమె డ్రాయింగు టీచరుగా పనిచేసే బడిలో ఐదో తరగతి పిల్లలకు అదో ఆట. "మేడమ్, కాపీ మిలా అనాలా, మిలీ అనాలా?" అని అమాయకంగా మొహం పెట్టి అడిగేవాళ్ళు. వెనక బెంచీలు కిసుక్కున నవ్వేవి.

అందుకని ఆమె పిల్లల్ని తిట్టడమే మానుకుంది, ఒక్క తేజశ్రీని తప్ప. ఆ తరగతిలో తెలుగు వచ్చిన పిల్ల అది ఒక్కతే.

కావేరి విశాఖపట్నంలో నాలుగేళ్ళు బొమ్మలు వేయడం చదువుకుంది. నీటిరంగులంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో ఢిల్లీలో ఓ గ్యాలరీకి రెండుసార్లు తన బొమ్మలు పట్టుకెళ్ళింది. రెండుసార్లూ వాళ్ళు మర్యాదగానే తిప్పి పంపారు. భర్త సాయిప్రకాష్ నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నెమ్మదస్తుడు. ఇంట్లో కూర్చోవడం దేనికని ఆమె బడిలో చేరింది. చేరాక తెలిసింది, అక్కడ డ్రాయింగు టీచరంటే బడికి ముస్తాబు చేసే మనిషని. ఆగస్టు పదిహేనుకు థర్మోకోల్ అక్షరాలు కోయాలి, దీపావళికి గేటు ముందు రంగోలీ వేయాలి, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే స్వాగతం బోర్డు రాయాలి. లెక్కల టీచరుకు సిలబస్ పూర్తికాకపోతే తన పీరియడే ఇచ్చేయాలి. ఆ బడిలో ఒక్కసారైనా తన పేరు మైకులో వినబడాలని ఆమెకు ఎంత కోరికగా ఉండేదో ఎవరికీ తెలియదు. భర్తకు కూడా చెప్పుకోలేదు.

2005 నవంబరులో ఒక రోజు బడికి తనిఖీ వాళ్ళు వచ్చారు. ప్రిన్సిపాల్ వాళ్ళను వెంటబెట్టుకుని ఒక్కో తరగతీ చూపిస్తోంది. కావేరి ఐదో తరగతికి సాయంకాలపు ఆకాశం వేయిస్తోంది. కాగితమంతా తడిపి, పైనుంచి కిందికి నీలం పలచన చేసుకుంటూ రావాలి. గది శుభ్రంగా ఉండాలని పొద్దున్నే ప్రిన్సిపాల్ రెండుసార్లు చెప్పి పంపింది. కారిడార్లో చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

తిరిగి చూసేసరికి తేజశ్రీ కాగితం మీద ఉప్పు చల్లుతోంది.

టిఫిన్ డబ్బాలో జామకాయ ముక్కలు, వాటితోపాటు చిన్న పొట్లంలో ఉప్పు పెట్టి పంపిందట వాళ్ళమ్మ. ఆ పొట్లం విప్పి, తడి ఆకాశం మీద చిటికెలతో శ్రద్ధగా చల్లుతోంది ఆ పిల్ల. బెంచీ మీద కూడా ఉప్పే.

కావేరి ఒక్క అంగలో దాని దగ్గరికి వెళ్ళింది. "ఇది వంటిల్లనుకున్నావా? బొమ్మ మీద ఉప్పేంటి? బుద్ధుందా నీకు? మీ అమ్మ ఇదేనా నీకు నేర్పింది?"

"నీళ్ళు ఎక్కువైపోయాయి మేడమ్. ఉప్పు పీల్చేస్తుందని..."

"నోర్ముయ్! సిగ్గులేకుండా ఎదురు చెబుతున్నావా? ఆ కాగితం రెండు చేతుల మీదా పెట్టుకుని బయటికెళ్ళి నిలబడు. నీ నిర్వాకం అందరూ చూడాలి."

హిందీలో ఏళ్ళ తరబడి మింగేసిన కోపమంతా ఆ రోజు తెలుగులో బయటికొచ్చింది. తడబాటు లేదు, వెతుక్కోవడం లేదు. మిగతా పిల్లలకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ తెలియని భాషలోని వేగానికి వాళ్ళు పగలబడి నవ్వారు. తేజశ్రీ మాత్రం కాగితాన్ని రెండు అరచేతుల మీద పళ్ళెంలా ఎత్తుకుని గుమ్మం దాటింది. అంచుల నుంచి కారిన నీలం రంగు దాని మణికట్ల మీదుగా తెల్ల చొక్కా చేతుల్లోకి పాకుతోంది.

అప్పుడే తనిఖీ వాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ ఆగి, "క్యా హువా బేటా? బయటెందుకు నిలబడ్డావ్?" అని హిందీలో అడగడం కావేరికి లోపలికి వినిపించింది.

"బొమ్మ ఆరబెడుతున్నాను మ్యామ్," అంది తేజశ్రీ, హిందీలోనే.

ఆవిడ నవ్వి ముందుకు సాగింది. కావేరికి హమ్మయ్య అనిపించింది. ఆ క్షణాన ఆమెకు కలిగింది ఊరట ఒక్కటే. పదేళ్ళ పిల్ల తనను కాపాడిందన్న ఆలోచన రావడానికి చాలా కాలం పట్టింది.

గంట కొట్టాక తేజశ్రీ లోపలికొచ్చి, కాగితం టేబుల్ మీద పెట్టి, మొహం ఎత్తకుండా వెళ్ళిపోయింది. తరగతి ఖాళీ అయ్యాక కావేరి దాన్ని చెత్తబుట్టలో వేయబోయి ఆగింది. ఆకాశం నిండా పువ్వులున్నాయి. ఉప్పు రవ్వ పడిన చోటల్లా రంగు పక్కకు తప్పుకుని, మధ్యలో తెల్లగా, చుట్టూ సన్నని రేకులతో, జనవరి పొద్దున కిటికీ అద్దం మీద పట్టే మంచులా విచ్చుకుంది. వేలితో రాస్తే ఆరిన ఉప్పు గరగరలాడుతూ రాలింది. కింద పువ్వు అలాగే ఉంది. నాలుగేళ్ళ చదువులో ఇది ఆమెకు ఎవరూ చూపించలేదు. లోకంలో రంగులతో పనిచేసే చాలామందికి తెలిసిన కిటుకేనని ఆ తరువాత ఇంటర్నెట్‌లో చూసి తెలుసుకుంది. ఆ రోజు మాత్రం ఆ గదిలో అది తెలిసిన వాళ్ళెవరూ లేరు.

కాగితాన్ని చుట్ట చుట్టి తన బ్యాగులో పెట్టుకుంది.

ఇంటికొచ్చి తనూ చేసి చూసింది. ఒకసారి ఉప్పంతా కరిగి కాగితం మురికి నీళ్ళ రంగుకు తిరిగింది. ఇంకోసారి ఉప్పు రాళ్ళు రాళ్ళుగా పైనే కూర్చుంది, కింద ఏ మార్పూ లేదు. నాలుగు రోజులు అదే పని. "కూరలో ఉప్పు మరిచిపోయావు గాని, కాగితాలకు మాత్రం బాగానే పట్టించావు," అన్నాడు సాయిప్రకాష్ సరదాగా. ఆమెకు నవ్వు రాలేదు.

ఐదో రోజు, ఆటల పీరియడ్‌లో, తేజశ్రీని డ్రాయింగు గదికి పిలిపించింది. పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"సారీ మేడమ్. ఇంకెప్పుడూ చెయ్యను."

"తిట్టడానికి కాదమ్మా. ఆ రోజు చేసింది మళ్ళీ చేసి చూపించు."

తేజశ్రీ ఆమె మొహం వంక అనుమానంగా చూసి, నమ్మి, కాగితం తడిపింది. రంగు పూసి, కళ్ళు కాగితం ఎత్తుకు దించి పక్కనుంచి చూస్తూ నిలబడింది.

"వెయ్యి మరి," అంది కావేరి.

"ఇప్పుడు కాదు మేడమ్. ఇంకా బాగా మెరుస్తోంది కదా, కరిగిపోతుంది. ఆ మెరుపు పోతూ పోతూ ఉంటుంది చూడండి, అప్పుడు వెయ్యాలి. మొత్తం పోయిందంటే ఇంక ఏమీ రాదు."

"నీకెలా తెలుసు?"

"ఆ రోజు బయట నిలబడి చూశాగా. ఓ పక్కన నీళ్ళు ఎక్కువ, అక్కడ ఏమీ రాలేదు. ఇంకో పక్క పువ్వులొచ్చాయి. మెల్లగా వస్తాయి మేడమ్. చూస్తుంటే టైమే తెలీలేదు."

దాని గొంతులో ఫిర్యాదు లేదు. తను వేసిన శిక్షలో నిలబడి ఆ పిల్ల ఇది నేర్చుకుంది. కావేరి నాలుక చివరిదాకా ఓ మాట వచ్చింది. అది కూడా పెద్ద మాటేమీ కాదు, 'ఆ రోజు తిట్టకుండా ఉండాల్సింది' అన్న పాటిది. టీచరు పిల్లకు అలా చెబితే చులకనైపోతానేమోనని వెనక్కి తీసుకుంది. "గుడ్," అని ఊరుకుంది.

తరువాత నాలుగైదు బుధవారాలు తేజశ్రీ తనంతట తనే వచ్చింది. మెత్తటి ఉప్పుకు ఇసుక చల్లినట్టు సన్నటి చుక్కలొస్తాయి. కల్లుప్పుకు పెద్ద పెద్ద పువ్వులొస్తాయి. ఫ్యాను కింద పెడితే చెడిపోతుంది. దానంతటది ఆరాలి. ఆరాక పొడి బ్రష్షుతో ఉప్పంతా దులిపేయాలి, లేకపోతే చెమ్మ తగిలి కాగితం జిగురెక్కుతుంది. ఇవన్నీ ఇద్దరూ కలిసే కనిపెట్టారు. ఆ కాగితాన్ని కోసి కార్డులూ, కవర్లూ, పుస్తకంలో పెట్టుకునే గుర్తులూ చేయొచ్చన్నది కూడా తేజశ్రీ ఆలోచనే. ఆ గదిలో ఉన్నంతసేపూ దానికి మాటలు ఆగేవి కావు. సగం తెలుగు, సగం హిందీ. దాన్ని బయట నిలబెట్టిన సంగతి మాసిపోయిందనే కావేరి అనుకుంది.

డిసెంబరులో వార్షికోత్సవం. ఆహ్వానాలు ఈసారి కొత్తగా ఉండాలంది ప్రిన్సిపాల్. కావేరి ఉప్పు కాగితంతో చేసిన కార్డు చూపించింది. ఆవిడ దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి, "కావేరీ! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు దీన్ని?" అంది. ఐదో తరగతి పిల్లలంతా పది రోజులు కూర్చుని మూడు వందల కార్డులు చేశారు. ఎవరు ఎప్పుడు ఉప్పు వేయాలో చెబుతూ తేజశ్రీ బెంచీల మధ్య తిరిగింది.

ఆ రోజు సభలో ముఖ్య అతిథి ఆ కార్డు ఎత్తి చూపించి, ఇది ఎవరి చేతి పని అని అడిగాడు. ప్రిన్సిపాల్ మైకులో కావేరి పేరు చెప్పి స్టేజీ మీదికి పిలిచింది. ఆయన మైకు ఆమెకందించి, "ఈ ఆలోచన మీకెలా వచ్చిందో మా అందరికీ చెప్పాలి," అన్నాడు.

ఎదురుగా కుడివైపు మొదటి వరసలో పాటల బృందం పిల్లలు కూర్చున్నారు. వాళ్ళలో తేజశ్రీ ఉంది, జడకు తెల్ల రిబ్బను కట్టుకుని, కొంచెం ముందుకు వంగి. కావేరి దాన్ని చూసింది.

చూసి, చెప్పింది. ఒక రోజు ఇంట్లో సాంబారు చేస్తున్నానని, పక్కనే బల్ల మీద అప్పుడే వేసిన బొమ్మ ఆరుతోందని, చేతిలోంచి ఉప్పు జారి దాని మీద పడిందని, మావారు అన్నానికి తొందరపెడుతున్నా నేను మాత్రం ఆ బొమ్మనే చూస్తూ ఉండిపోయానని. ఎవరో రాసిచ్చినట్టు వచ్చింది అబద్ధం. హాలంతా నవ్వింది. చప్పట్లు మోగాయి. ఆమె హిందీలో ఆ ఒక్కరోజూ ఒక్క తప్పూ దొర్లలేదు.

తేజశ్రీ కూడా చప్పట్లు కొట్టింది. అందరికంటే కాస్త ఆలస్యంగా, పక్క పిల్లల వంక చూసి మొదలుపెట్టింది.

ఆ తరువాతి బుధవారం అది రాలేదు. కావేరి పిలిపించలేదు. తరగతిలో ఏ బొమ్మ వేయమంటే ఆ బొమ్మ వేసేది. కొండలూ, మధ్యలో సూర్యుడూ. ఉప్పు డబ్బా బయటికి తీస్తే మిగతా పిల్లలంతా ఎగబడేవాళ్ళు. అది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. "నీకొద్దా?" అంటే, "వద్దు మేడమ్," అనేది, మర్యాదగానే. మార్చిలో వాళ్ళ నాన్న కేశవరావుకు ఢిల్లీ ఆర్.కె.పురంలో ప్రభుత్వ క్వార్టరు వచ్చిందని, టీసీ తీసుకుని వెళ్ళిపోయారు. ఆఫీసు గదిలో ఆ మాట వినగానే కావేరి ఒళ్ళు తేలికపడింది. తరువాతి రోజుల్లో తన మీద తనకే రోత పుట్టించిన విషయాలు ఆమెకు చాలా ఉన్నాయి. వాటిలో ఆ తేలికదనమే మొదటిది.

ఇక ఆమెకు ఎదురులేకపోయింది. మూడేళ్ళపాటు ఇందిరాపురం అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో శనివారాలు ఉప్పు కాగితం నేర్పింది. తల్లులు వచ్చేవారు, పిల్లల్ని తెచ్చేవారు. 'నమక్‌వాలీ మేడమ్', ఉప్పు మేడమ్ అనే పేరు స్థిరపడింది. పుట్టినరోజు పిలుపులకూ, దీపావళి కవర్లకూ ఆమె కాగితాలే. ప్రతిచోటా ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, ఇది మీకెలా తట్టిందని. ప్రతిసారీ సాంబారు పొయ్యి మీదికెక్కేది. చెప్పగా చెప్పగా అందులో తాలింపు చేరింది, ఫోను మోగడం చేరింది.

ఒక శనివారం ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చిన సాయిప్రకాష్ ఆ కథ మొదటిసారి విన్నాడు. కారులో అడిగాడు.

"కావేరీ, నువ్వు వంటింట్లో ఎప్పుడైనా బొమ్మ వేశావా? నూనె పడుతుందని కాగితం ముక్క కూడా అటు రానివ్వవుగా?"

"కథలా చెబితే వాళ్ళకి బాగుంటుందండీ. మీకెందుకు అవన్నీ?"

"అచ్ఛా, సరే," అని ఊరుకున్నాడు. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. అడిగి పోట్లాడినా బాగుండేది. ఆ రోజు నుంచి సాంబారు దగ్గరికి వచ్చేసరికి ఆమె గబగబా దాటేసేది. లోకంలో ఎందరికో తెలిసిన కిటుకుకు సొంతదారెవరు అని తనకు తను సర్దిచెప్పుకునేది. ఆ సమాధానం పది నిమిషాలు కూడా నిలిచేది కాదు. కిటుకు ఎవరిదైనా కావచ్చు, ఎదురుగా కూర్చున్న పిల్లను చూస్తూ అబద్ధం చెప్పింది మాత్రం తనే.

2008 అక్టోబరులో ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ భోజనానికి ఆంధ్రా భవన్‌కు వెళ్ళారు. కూపన్ల వరసలో నిలబడి ఉంటే వెనకనుంచి ఎవరో భుజం తట్టారు.

"కావేరి మేడమ్ గారు కదండీ! నేనండి, తేజశ్రీ వాళ్ళమ్మని, లక్ష్మీకుమారిని. గుర్తుపట్టలేదాండి?"

పాలకొల్లు మనిషి. ఢిల్లీ వచ్చి ఎన్నేళ్ళయినా మాట చివర అండి పోలేదు. ఆవిడ కావేరి చేతులు రెండూ పట్టుకుంది. "మీ గురించి మా ఇంట్లో అనుకోని రోజుండదండి. ఆ ఉప్పు పేపరు మీరే నేర్పారని మా తేజు చెప్పింది. ఈ ఊళ్ళో మన పిల్లల్ని అంత దగ్గరికి తీసే టీచరు దొరుకుతారాండి! ఓసారి మా ఇంటికి రావాలి మీరు," అంటూ క్వార్టరు నంబరు చెప్పింది.

కావేరి అవునన్నట్టు తలాడించింది. ఆ రోజు ఆమె అన్నం కెలికి వదిలేసింది. తేజశ్రీ ఇంట్లో అలా చెప్పిందన్నమాట. మా మేడమే నాకు నేర్పిందని. తన మీద ఒక్క చెడ్డ మాట ఆ ఇంట్లోకి పోనివ్వలేదు ఆ పిల్ల. తిట్లు పడ్డ రోజూ, పేరు పోగొట్టుకున్న రోజూ కూడా.

నాలుగు వారాలు తాత్సారం చేసింది. నవంబరు చివర రెండో బస్సు మారి ఆర్.కె.పురంలో దిగినప్పుడు కూడా, ఇల్లు దొరక్కపోతే బాగుండునని ఆమె మనసులో ఒక మూల ఉంది. ఇల్లు సులువుగానే దొరికింది.

లక్ష్మీకుమారి ఎండలో నులకమంచం మీద కూర్చుని పచ్చి బఠాణీలు వలుస్తోంది. రెయిలింగు మీద రజాయి ఆరేసి ఉంది. "రండి రండి! తేజూ, ఎవరొచ్చారో చూడవే!" అని లోపలికి కేక వేసింది. వచ్చిన పిల్ల కావేరి భుజం దాటి ఎదిగింది, కళ్ళద్దాలు పెట్టుకుంది. ఎనిమిదో తరగతి.

"హలో మ్యామ్," అంది తేజశ్రీ.

తెరిచిన తలుపులోంచి లోపలి గోడ మీద, ఫ్రేము కట్టించిన ఆ ఏటి వార్షికోత్సవం ఆహ్వానం కనిపిస్తోంది. "మీరు నేర్పితే మా అమ్మాయి చేత్తో చేసిందండి. దాచుకున్నాను," అంది లక్ష్మీకుమారి. "ఇప్పుడేంటో బొమ్మల జోలికే పోదు. మీరైనా చెప్పండి దీనికి."

కావేరి కూర్చోలేదు. "అది నేను నేర్పలేదండీ. మీ అమ్మాయే నాకు నేర్పింది."

"అయ్యో, అదంతా మీ పెద్దమనసండి."

"కాదండీ. నా మాట వినండి."

చెప్పింది. ఉప్పు చల్లిన పిల్లను తిట్టానని, చేతుల మీద తడి కాగితం పెట్టించి పీరియడంతా బయట నిలబెట్టానని, తరువాత దాని దగ్గరే నేర్చుకుని స్టేజీ మీద నాదని చెప్పుకున్నానని, మూడేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నానని. బస్సులో తయారుచేసుకున్న మాటలేవీ పనికిరాలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పింది. లక్ష్మీకుమారి చేతిలో బఠాణీ కాయ సగం విప్పి అలాగే ఉండిపోయింది.

"ఏమని తిట్టారండి?"

"మీ అమ్మ ఇదేనా నేర్పింది అన్నాను."

"క్లాసులో? అందరి ముందూనా?"

"అందరి ముందే. కానీ తెలుగులో అన్నానండీ. మిగతావాళ్ళకి అర్థం కాలేదు."

"దీనికి అర్థమైంది కదండి," అంది లక్ష్మీకుమారి.

కావేరి తల దించుకుంది. సంజాయిషీలా తెచ్చుకున్న ఆ ఒక్క మాటా తనకే తగిలింది.

లక్ష్మీకుమారి కూతురి వంక చూసింది. "ఆ రోజు చొక్కా చేతుల నిండా నీలం రంగు చేసుకొచ్చింది. ఏంటే ఇది అంటే, మేడమ్ గారు నా బొమ్మ అందరికీ చూపించమన్నారమ్మా అంది. నేను మురిసిపోయానండి. పక్కింటావిడకి కూడా చెప్పుకున్నాను."

"మమ్మీ, ఛోడో నా, వదిలెయ్," అంది తేజశ్రీ.

కావేరి ఆ పిల్ల వైపు తిరిగింది. "తేజూ, నన్ను క్షమించమని నిన్ను అడగడానికి వచ్చానమ్మా."

"ఇట్స్ ఓకే మ్యామ్. పాత సంగతి." హిందీలో అనేసి, లోపలికి వెళ్ళబోయి ఆగింది. ఈసారి తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది. "బయట నిలబెట్టడం పర్లేదు మ్యామ్. పువ్వులు వస్తుంటే చూశాను, బాగుండింది. తరువాత మీరు నన్ను పిలిచారు కదా, అది ఇంకా బాగుండింది. కానీ స్టేజ్ మీద మీరు నన్ను చూశారు. చూసి చెప్పారు. అదే..." ఆ పైన మాట దొరకలేదో, వద్దనుకుందో, లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

తను చూడటం ఆ పిల్ల చూసిందని కావేరికి ఆ రోజు దాకా తెలియదు.

లక్ష్మీకుమారి గేటు దాకా వచ్చింది. మర్యాద తప్పలేదు గాని, ఆంధ్రా భవన్‌లో చేతులు పట్టుకున్న మనిషి కాదు. "టీ కూడా తాగలేదు మీరు," అంది.

"నన్నేం చేయమంటారో చెప్పండి, చేస్తాను."

"నేనేం చెబుతానండి. చెప్పాల్సిన చోట చెప్పండి. ఇంకోటండి, మీరు మళ్ళీ దీన్ని కలవొద్దు, దీని సంగతి అడగొద్దు. ఇప్పుడిప్పుడే కుదుటపడి చదువుకుంటోంది. ఏమనుకోకండి."

"అనుకోనండీ," అంది కావేరి.

ఇంటికొచ్చి మొదట భర్తకు చెప్పింది. అతను అంతా విని, "ఏదో ఉందని ఆ రోజు కారులోనే అనుకున్నాను. నువ్వే చెబుతావని చూశాను," అన్నాడు. ఆమెను ఓదార్చలేదు. లేచి రెండు గ్లాసుల్లో టీ పోసి తెచ్చి పక్కన కూర్చున్నాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ఉదయం ప్రార్థన సమయంలో పిల్లలందరి ముందూ చెబుతానంది. ఆవిడ కళ్ళజోడు తీసి, "మూడేళ్ళయింది కావేరీ. ఇప్పుడు తవ్వడం ఎందుకు? తల్లిదండ్రులు ఏమనుకుంటారు? బాత్ ఖతం, ఇంతటితో వదిలెయ్," అంది. కావేరి బతిమాలితే, డ్రాయింగు గది బయట బోర్డు మీద రాసుకోవడానికి ఒప్పుకుంది. తేజశ్రీ పేరు, ఆ ఏటి తరగతి, అది కనిపెట్టిన పద్ధతి, తను దాన్ని తనదిగా చెప్పుకున్న సంగతి కావేరి తన చేత్తో రాసి అతికించింది. పిల్లలు ఒకటి రెండు రోజులు గుంపుగా చేరి చదివారు. ఒక టీచరు ఆమె పక్కన కూర్చోవడం మానేసింది. కావేరికి అది న్యాయమే అనిపించింది.

క్లబ్‌హౌసులో జరిగింది మాత్రం ఆమె అనుకోనిది. శనివారం కాగితాలు పంచక ముందే నిలబడి, సాంబారు కథ అబద్ధమని, జరిగింది ఇదని చెప్పింది. చెబుతుంటే హిందీలో ఆడా మగా మళ్ళీ తారుమారయ్యాయి. ముగించేసరికి ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. "కిత్నా బడా దిల్ హై ఆప్‌కా! ఎంత పెద్ద మనసు మీది! ఇలా ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలి!" అని ఒకావిడ వచ్చి కౌగిలించుకుంది. తరువాతి శనివారం ఇంకా ఎక్కువమంది వచ్చారు. "ఆ అమ్మాయి కథ చెప్పండి మేడమ్, మా పాప వినాలి," అని అడిగారు. కావేరి చెప్పింది. ఈసారి ఒక్క తప్పూ దొర్లలేదు. ఎక్కడ ఆగితే వాళ్ళు నిట్టూరుస్తారో తనకు తెలిసిపోతోందని మధ్యలో గ్రహించింది. చొక్కా చేతుల మీది నీలం రంగు దగ్గర ఆగింది కూడా. మళ్ళీ చప్పట్లు.

ఆ రోజు ఇంటికి నడిచివస్తూ ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. స్టేజీ మీద పడిన సిగ్గు కంటే ఇదే ఎక్కువ. ఆ పిల్ల దగ్గర ఒకసారి పేరు తీసుకుంది. ఇప్పుడు దాని బాధ చెప్పుకుని మళ్ళీ పేరు తెచ్చుకుంటోంది.

అప్పటి నుంచి ఆ కథ చెప్పడం మానేసింది. ఇంటికి తీసుకెళ్ళడానికి ఇచ్చే కాగితం మీద, తడి ఎంత ఉండాలి, ఉప్పు ఎప్పుడు చల్లాలి అన్న వివరాల పైన, ఒకే ఒక్క వాక్యం హిందీలో వేయించింది. ఈ పద్ధతి కావేరికి నేర్పింది తేజశ్రీ, ఐదో తరగతి. కన్నీళ్ళూ క్షమాపణలూ ఏమీ లేవు. చాలామంది ఆ వాక్యం చదవకుండానే కింద ఉన్నవాటి దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఎవరైనా, "తేజశ్రీ ఎవరు?" అని అడిగితే, "ఆ పేరున్న అమ్మాయి, తనే నేర్పింది," అని, కాగితం తడపడం మొదలుపెట్టేది. కథ లేని క్లాసుకు జనం తగ్గారు. తరువాత ఆరేడుగురే మిగిలారు. వాళ్ళతోనే నడిపింది.

తేజశ్రీ మళ్ళీ బొమ్మలు వేస్తోందో లేదో ఆమెకు తెలియదు. ఆ తరువాత ఆంధ్రా భవన్‌కు ఎప్పుడు వెళ్ళినా, వరసలో నిలబడ్డప్పుడు చుట్టూ చూడకుండా కూపన్ తీసుకునేది. లక్ష్మీకుమారి ఎదురుపడితే తప్పుకోవాలని కాదు. ఎదురుపడితే, మీ అమ్మాయి ఎలా ఉందండీ అని తన నోరు అడిగేస్తుందేమోనని. అడగొద్దన్నారు. ఆ ఒక్కటీ నిలబెట్టుకోవాలని ఆమె పట్టుదల.